నూట పది దగ్గర తెగిన మాట

మొన్నొక మధ్యాహ్నం, విజయనగరంలో మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి నా కుర్చీ దగ్గరికొచ్చి, ఎంతో మర్యాదగా, మా పాత ప్రోగ్రాములో ఎందుకున్నాయో తెలియని ఎనిమిది లైన్లు కనిపిస్తే తీసేశాననీ, తీసేసినా తన టేబుల్ మీద అంతా శుభ్రంగా నడుస్తోందనీ చెప్పింది. ఆ "టేబుల్ మీద" అన్న మాట దగ్గర నాకు టీ పొలమారింది. దగ్గు తగ్గాక ఆ ఎనిమిది లైన్లనూ నా చేత్తో తిరిగి వాటి చోట పెట్టి, నేను బతికుండగా వీటి జోలికి రావద్దని పైన ఒక వాక్యం కూడా రాశాను. పిల్ల భయపడింది పాపం. కారణం చెప్పొచ్చు గానీ, చెబితే నౌపడ స్టేషన్లో రైలు దిగిన దగ్గర్నుంచి చెప్పాలి, ఆవిడకేమో నాలుగింటికి మీటింగుంది.

కాబట్టి మీకు చెబుతున్నాను. మీరైతే నా ఈడువాళ్ళు. డేటా కార్డుని దారంతో కిటికీ చువ్వకి వేలాడదీసి సిగ్నల్ వచ్చిందా లేదా అని పూజారి దీపం చూసినట్టు చూసినవాళ్ళు. జ్ఞాపకాలు రాసే వయసు నాకింకా రాలేదని మా అమ్మ అభిప్రాయం. నాకు నెరిసిన వెంట్రుకలు నాలుగే ఉన్న మాట నిజమే, కాకపోతే వాటిలో మూడు ఈ సంగతి వల్ల వచ్చినవే.

నౌపడలో దిగి ఉప్పుమళ్ళ గట్ల మీదుగా ఆటోలో పోతే, ఆ తెల్లదనానికి కళ్ళు చికిలించుకుని తెరిచేసరికి సముద్రం కనబడుతుంది, దాని పక్కన మా ఊరు. మాది ఏటకెళ్ళే ఇల్లు. మగవాళ్ళు చేపలు తెస్తారు, ఆడవాళ్ళు నెత్తిన పెట్టుకుని నరసన్నపేట దాకా అమ్ముతారు. ఊళ్ళో ఇంజనీరింగ్ చదివిన మొదటి ఆడపిల్లనని నన్ను అందరూ గొప్పగా చెప్పుకునేవారు గానీ, ఇంజనీరింగ్ చదివి ఊళ్ళో ఏడాదిన్నర ఖాళీగా కూర్చున్న మొదటి ఆడపిల్లని కూడా నేనేనని ఎవరూ గుర్తుచేసేవారు కాదు, మా అక్క తప్ప. రెండువేల పదుల మొదట్లో శ్రీకాకుళంలో టైర్ల కొట్టు మీద నాలుగు కుర్చీలున్న ఒక ఆఫీసులో నాకు ఉద్యోగం దొరికింది. నాలుగు కుర్చీల్లో ఒకటి మా సారుది, ఒకటి నాది, ఒకదానికి కాలు లేదు, నాలుగోదాని మీద సర్వర్ ఉండేది. సర్వర్ అంటే మీరేదో ఊహించుకోకండి, మామూలు కంప్యూటరే, దాని మీద ఎవరూ కూర్చోకుండా అట్టముక్క మీద రాసి పెట్టాం.

మా సారు చేపట్టిన పని చేపలబోట్లకి పిడికెడంత నల్లపెట్టెలు బిగించడం. ఆ పెట్టె ఐదేసి నిమిషాలకొకసారి తానెక్కడుందో శాటిలైట్ని బట్టి తెలుసుకుని సెల్ టవర్ మీదుగా మా సర్వర్‌కి చెబుతుంది, మేము దాన్ని మ్యాపు మీద చుక్కగా చూపిస్తాం, తుపాను వస్తే ఎవరెక్కడున్నారో తెలుస్తుంది. అటునుంచి వచ్చే మాటని అందుకుని చుక్క పెట్టే ప్రోగ్రాము రాసింది నేను. ఊళ్ళో మాత్రం ఆ పెట్టె ఎవరికీ వద్దు. చేపలెక్కడ దొరుకుతాయో పెళ్ళానికి కూడా చెప్పని మనుషులు ఇంకెవరి కంప్యూటరుకో ఎందుకు చెబుతారు? చివరికి మా మావ, అంటే మా అమ్మ తమ్ముడు, మా గుంట రాసిందట కదా, నా బోటుకి పెట్టండి అన్నాడు. మా వైపు ఆడపిల్లని గుంట అంటారు. ఆయనది పదకొండో నంబరు బోటు. ఆయన పెట్టించుకున్నాక, మరేదో లాభం లేకపోతే ఆయన పెట్టించుకోడన్న అనుమానంతో మిగతావాళ్ళూ పెట్టించుకున్నారు. మా అక్క మొగుడు, బావది నూట పదిహేడు.

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. సముద్రం మీద ఒక బోటు మీంచి ఇంకో బోటుకి అరిచి చెప్పేటప్పుడు గాలి మాటని ముక్కలు చేస్తుంది. అందుకని చెప్పేవాడు తన మాట అయిపోయాక పొడుగ్గా "హో" అంటాడు. ఆ హో వినబడేదాకా అవతలివాడు చెయ్యి కదపకూడదు. వల లాగొద్దు అన్నమాటలో వల లాగు అన్నంత వరకే విని లాగేసినవాళ్ళు ఉన్నారు, వాళ్ళని ఊరు ముప్పై ఏళ్ళయినా మర్చిపోదు. నేను నడక నేర్చిన ఇసుకలోనే ఆ హో కూడా నేర్చుకున్నాను. నేర్చుకుని, నాలుగేళ్ళు కాలేజీకెళ్ళి, శుభ్రంగా మర్చిపోయి వచ్చాను.

ఎలా మర్చిపోయానంటే, నెట్‌వర్క్ సాకెట్ అంటే నేనేదో ఉత్తరాల పెట్టె అనుకున్నాను. అటువాళ్ళు ఒక ఉత్తరం వేస్తారు, ఇటు మనం చెయ్యి పెడితే ఒక ఉత్తరం వస్తుందని. నిజానికి అది కొళాయి గొట్టం. అటు చివర బిందెలతో పోశారా చెంబులతో పోశారా అన్నది ఇటు చివర ధారకి తెలియదు. మనం గ్లాసు పెడితే ఒకసారి అర చెంబు పడుతుంది, ఒకసారి చెంబున్నర పడుతుంది, చుక్క పోదు, వరస తప్పదు, కానీ ఎక్కడికి ఒక చెంబు అయిందో నీళ్ళు చెప్పవు. అందుకే ఆ పెట్టెలు తయారుచేసినవాళ్ళు ప్రతి మాట చివరా ఒక గుర్తు పెట్టారు, రెండు నిలువు గీతల మీద రెండు అడ్డగీతలు, చిన్నప్పుడు పలక మీద సున్నాలూ ఇంటూలూ ఆడుకునే గడి లాంటిది. అది వచ్చేదాకా ఆగాలని వాళ్ళిచ్చిన రెండు పేజీల కాగితంలో ఉంది. నేను చదివాను కూడా. ఉత్తరం చివర "ఇట్లు" లాగా అదొక మర్యాద కాబోలనుకున్నాను.

పెట్టెని ఆఫీసు టేబుల్ మీద పెట్టి మూడు వారాలు పరీక్ష చేశాం. చెయ్యి పెట్టినప్పుడల్లా ఒక మాట, పూర్తి మాట, శుభ్రంగా వచ్చేది. సముద్రం మీద, సిగ్నల్ ఊపిరి పీల్చి వదులుతున్న చోట, మాట సగం వచ్చి ఆగి మిగతా సగం తరవాత వస్తుందని టేబుల్‌కి ఏం తెలుసు? వచ్చినదాన్ని వచ్చినట్టు పూర్తి మాటగా తీసేసుకోవడం, అర్థంకాని ముక్క ఏదైనా మిగిలితే "చెత్త" అనే పేరున్న ఫైల్లో పారెయ్యడం, ఇదీ నేను రాసిన ప్రోగ్రాము. చెత్త ఫైలు రోజురోజుకీ బలుస్తుంటే సముద్రంలో గాలి ఎక్కువగా ఉంది కాబోలనుకునేదాన్ని.

మా ఊరి పక్కన ఏరు సముద్రంలో కలిసే చోటుని మొగ అంటాం. చేప గుడ్లు పెట్టే కాలంలో నెలన్నర పాటు మొగలో ఎవరూ వల వెయ్యకూడదని చుట్టుపక్కల ఊళ్ళ కట్టుబాటు. ఆ ఏడు ఆ రోజుల్లోనే మొగ ఒడ్డున తెగిన వలముక్క ఒకటి కొట్టుకొచ్చింది. ఎవరు వేశారని ఊరంతా ఒకరినొకరు చూసుకుంటుంటే, ఊరి పెద్దాయనకి ఎవరో చెప్పారు, ఆ నల్లపెట్టెలు చెబుతాయట కదా అని. పెద్దలు ముగ్గురు బస్సెక్కి మా టైర్ల కొట్టు మీదికొచ్చారు. మా సారు సంతోషం చూడాలి మీరు. మొదటిసారి ఆయన పెట్టె ఒక పనికి పిలవబడింది. వాళ్ళకి కాలులేని కుర్చీ తప్ప మిగతావన్నీ ఇచ్చి, సర్వర్‌ని స్టూలు మీదికి మార్చి, మ్యాపు తీసి, రంగుల్లో అచ్చుకొట్టి ఇచ్చాడు. మొగ మధ్యలో ఎర్రచుక్క. చుక్క పక్కన పదకొండు.

మా మావ.

కట్టుబాటు తప్పితే శిక్ష ఏంటంటే, ఆ కాలమంతా బోటు ఇసుక మీదికి లాగేస్తారు. అది కడుపు సంగతి. రెండోది, ఊరి పంచాయితీలో ఇక అతని మాట సాక్ష్యానికి పనికిరాదు. మా మావకి రెండోది మొదటిదానికన్నా పెద్దది. పదిహేనేళ్ళుగా, వల ఎవరిది, హద్దు ఎక్కడ అని తగువొస్తే ఊరు ఆయన్నే అడిగేది.

ఇప్పుడు చెప్పబోయేది నాకేం గొప్ప కాదు. ఆ సాయంత్రం నేను ఊరెళ్ళి మా మావని అడిగాను, ఎందుకెళ్ళావని. వెళ్ళావా అని కాదు, ఎందుకెళ్ళావని. ఆయన వల కుడుతున్నాడు, తలెత్తకుండా, "నానెల్నేదే గుంటా" అన్నాడు. నేను ఊరుకోకుండా, ఆకాశంలో శాటిలైట్ ఉంటుందనీ, దానికి చుట్టరికాలు ఉండవనీ, అది అబద్ధం చెప్పదనీ క్లాసు పీకాను. ఆయన దారం పళ్ళతో తెంపి, అప్పుడు నా వంక చూశాడు.

"అలగైతే నన్నడగడం దేనికే. ఆకాశంలోంచి సూసినోడినే అడుగు."

అంతే. తరవాత ఆయన నాతో మాట్లాడలేదు. నేను చిన్నప్పుడు పడి మోకాలు కొట్టుకుపోతే ఉప్పునీళ్ళు పోసి ఏడిపించిన మనిషి, ఫీజు కట్టడానికి అమ్మ దగ్గర లేకపోతే ఆ సంగతి నాకు తెలియకుండా చూసుకున్న మనిషి, నా మాట మీద ఊళ్ళో అందరికన్నా ముందు ఆ పెట్టె బిగించుకున్న మనిషి. నేను మనిషిని పక్కన పెట్టి నా ప్రోగ్రామునే నమ్మాను. నన్ను నేను సమర్థించుకోవాలంటే ఒక్కటే చెప్పగలను, ఆ ప్రోగ్రాము రాసింది ఎవరో నాకు బాగా తెలుసు కాబట్టి అనుమానించాలని తోచలేదు. తెలిసే కదా అనుమానించాలి అంటారా, ఆ తెలివి ఇప్పుడొచ్చింది.

మర్నాడు ఆఫీసుకెళ్ళి ఆ రోజు సమాచారమంతా బయటికి తీశాను, ఎందుకనుకున్నారు, మా మావ చేత ఒప్పించడానికి. మొగలోకి ఎప్పుడెళ్ళాడో, ఎప్పుడొచ్చాడో నిమిషాలతో సహా చూపిస్తే ఇంకేమంటాడని. తీస్తే, పదకొండో బోటు పొద్దున్న ఆరూ పదికి మొగకి ఉత్తరాన ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆరూ పధ్నాలుగుకి మొగలో ఉంది. ఆరూ పదిహేనుకి మళ్ళీ ఉత్తరాన ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంది. మా మావ బోటు ఇంజను సంగతి తెలిసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. అది బయల్దేరాలా వద్దా అని ఆలోచించుకోడానికే నాలుగు నిమిషాలు తీసుకుంటుంది.

ఇన్నాళ్ళూ గాలి వల్ల అనుకున్నది గాలి వల్ల కాదేమోనని అప్పుడు మొదటిసారి తోచింది. చెత్త ఫైలు తెరిచాను. ఆ పెట్టెలు పంపే మాటలో ముందు సమయం, తరవాత స్థలం, చిట్టచివర బోటు నంబరు, ఆ పైన గడి గుర్తు. ఆరూ పధ్నాలుగుకి చెత్తలో పడిన ముక్క ఒకటే అంకె, దాని పక్కన గుర్తు. ఏడు. అంటే వచ్చిన నంబరు పదకొండు కాదు, ఒకటీ ఒకటీ ఏడు, నూట పదిహేడు. ఆ పూట అదే బోటు మొగలోంచి పంపిన మిగతా మాటలు నంబరుకి ముందే తెగి, ముక్కలన్నీ చెత్తలోనే పడి ఉన్నాయి. ఈ ఒక్కసారే ఒకటీ ఒకటీ ముందొచ్చి, గాలికి మాట తెగి, ఏడు వెనకబడింది. నా ప్రోగ్రాము హో వినకుండానే వల లాగేసింది.

నూట పదిహేడు మా బావ. తగువు మొదలైనప్పట్నుంచి మావ ఇంటి అరుగు మీద కూర్చుని, కంప్యూటర్లనేవి ఎంత మాయదారివో అందరితో పాటు మాట్లాడుతూ, మా మావకి చుట్ట ముట్టించి ఇచ్చిన బావ. మొగలో వల వేసింది తనేనని ఆయనకి తెలుసు. నేరం తన మీద పడకపోయేసరికి దేవుడే తప్పించాడనుకుని ఊరుకున్నాడు. దేవుడు కాదు, నేను.

మా సారు చెడ్డవాడు కాదు, ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఆయనకి ఆ పై వారం ఎవరో అధికారులు చూడ్డానికి వస్తున్నారు. నేను చెప్పిందంతా విని, గుర్తుదాకా ఆగేలా ప్రోగ్రాము సరిచెయ్యమనీ, ఊళ్ళో మాత్రం నోరెత్తొద్దనీ, పెట్టె తప్పు చెప్పిందని బయటికి పొక్కితే మన పనే పోతుందనీ అన్నాడు. మీ మావయ్య నెలన్నర ఒడ్డున కూర్చుంటే కొంపలేం మునిగిపోవు కదా అన్నాడు. నేను, "అయితే ఆ నెలన్నర మీరు కూర్చోండి సార్, మెడలో దొంగ అని అట్ట వేలాడదీసుకుని. అట్ట మనదగ్గరే ఉంది, సర్వర్ మీద" అన్నాను. ఆదివారం పంచాయితీకి వెళితే సోమవారం ఇక్కడికి రానక్కర్లేదని ఆయన చెప్పాడు. రాకపోతే కాలులేని నా కుర్చీలో ఎవరినైనా కూర్చోబెట్టుకోమని చెప్పి వచ్చేశాను. బస్సెక్కాక గానీ గుర్తురాలేదు, కాలు లేనిది నా కుర్చీ కాదు. కోపంలో చెప్పే మాటలకి ఎవరైనా ముందు పరీక్షలు పెడితే బాగుండును.

దారిలో మా అక్కకి ఫోన్ చేసి మూడుసార్లు మొదటి రింగులోనే పెట్టేశాను. నాలుగోసారి ఆవిడే చేసి, డబ్బులు లేకపోతే మిస్డ్ కాల్ ఒకటి చాలు, మూడెందుకే అని కేకలేసింది. చెప్పలేకపోయాను.

ఆదివారం పొద్దున్న వలలు బాగుచేసుకునే పెద్దపాకలో పంచాయితీ. మగవాళ్ళు లోపల ఇసుకలో, ఆడవాళ్ళు పాక బయట గుంజలకి ఆనుకుని. లోపలికెళ్ళి ఆడవాళ్ళు మాట్లాడకూడదని ఎక్కడా రాసిలేదు, ఎవరూ ఎప్పుడూ వెళ్ళలేదు అంతే. పెద్దాయన ముందు ఆ రంగుల మ్యాపు గాలికెగరకుండా నాలుగు గవ్వలు పెట్టి ఉంది. మా మావ ఒక మూల మోకాళ్ళు చుట్టుకుని కూర్చున్నాడు, తల మాత్రం నిటారుగా. పెద్దాయన ఆయన్ని ఏటి సెప్తావని అడిగాడు. మావ, సెప్పీసినాను గదా, మళ్ళీ సెప్తే మారతాదా అన్నాడు.

నేను అమ్మ చెయ్యి విడిపించుకుని లోపలికెళ్ళాను. ఇసుకలో చెప్పులు కూరుకుపోయి, మహా ఠీవిగా వెళ్దామనుకున్నదాన్ని బాతులాగా వెళ్ళాను. పెద్దాయన, ఇక్కడ నీకేటి పనే అన్నాడు. ఆ కాగితం రాసిన మెషీను రాసింది నేనేననీ, తప్పు రాసినవాళ్ళు మాట్లాడకపోతే ఇంకెవరు మాట్లాడతారనీ అన్నాను. పాకలో గుసగుసలు. ఆడపిల్లని పంపి మావ తప్పించుకుంటున్నాడని వెనకనుంచి ఒకాయన వినబడేలా అన్నాడు. మావ పంపితే నేను చెప్పులు విప్పి వచ్చేదాన్నని జవాబిచ్చాను, ఎందుకంటే ఆయన కొంచెం పద్ధతి గల మనిషి.

చెప్పడమైతే మొదలుపెట్టాను గానీ సాకెట్టనీ గొట్టమనీ నాలుగు మాటలనేసరికి పెద్దాయన కళ్ళు మూతలు పడుతున్నాయి. అప్పుడు అడిగాను, గాలిలో అవతలి బోటువాడు మాట చెబుతుంటే హో అనకముందే వల లాగినవాణ్ణి ఏమంటారని. నలుగురు నాలుగు తిట్లు చెప్పారు. ఇక్కడ రాయలేను, మంచి తిట్లు. పెద్దాయన కళ్ళు తెరిచాడు.

"అంటే నీ కంపూటరు హో ఇనకండా మాట అందుకున్నాదా?"

"కంప్యూటరు కాదు పెద్దాయనా, నేను. ఇందాక తిట్టిన నాలుగూ నాకే."

ఎవరూ నవ్వలేదు. మావ మాత్రం తల తిప్పి నా వంక చూశాడు, అన్ని రోజుల తరవాత మొదటిసారి. పెద్దాయన చాలాసేపు మ్యాపుని చూసి, ఒక్కో గవ్వా తీసేసి, మరైతే ఆ మిగిలిన మాట ఏటి, మొగలో ఉన్న బోటు ఎవులిది అన్నాడు. చెత్త ఫైలు అచ్చు నా చేతిలో ఉంది. గుంజ పక్కన మా అక్క చంటిపిల్లని చంకనేసుకుని, నా చెల్లెలు చూడండర్రా అన్నట్టు నిలబడి ఉంది. నేను గొంతు సవరించుకున్నాను.

"నూట పది..."

అక్కడ ఆగిపోయింది. నేను ఆపలేదు, అదే ఆగింది. మీరు నమ్మరు, ఊరందరి ముందు, నా తప్పు ఏమిటో ఇంతసేపు వివరించాక, మళ్ళీ అదే తప్పు నా నోటితో చేశాను. ఎందుకంటే మా ఊళ్ళో నూట పదో నంబరు బోటు కూడా ఉంది. దాని యజమాని, మాకు వరసకి తాత, వెనక వరసలోంచి లేచి నిలబడ్డాడు. ఆయన బోటు నెల రోజులుగా అడుగు కారి ఇసుకలో బోర్లించి ఉంది.

"నా బోటు బోర్లా పడుంటే మొగకెలగెల్లినాదే, పాక్కుంటా ఎల్లినాదా?"

ఇప్పుడు నవ్వారు. ఆ నవ్వులో తాత ఇంకా కోపగించుకుని నాలుగడుగులు ముందుకొచ్చాడు. పెద్దాయన చెయ్యెత్తాడు. కోప్పడలేదు, గట్టిగా కూడా అనలేదు.

"ఉండరా. గుంట ఇంకా హో అన్నేదు."

పాక మొత్తం ఊరుకుంది. మగవాళ్ళూ ఆడవాళ్ళూ, అంతమంది, నా మిగిలిన సగం మాట కోసం చేతులు కదపకుండా కూర్చున్నారు. సముద్రం మీద కూర్చున్నట్టే. నేను మా అక్కని చూస్తున్నాను, నోరు తెరుచుకోవడం లేదు. ఎంతసేపో తెలియదు. ఆ మాట చివరికి నా నోట్లోంచి రాలేదు. ఎడమ పక్కనుంచి, తల దించుకుని, వేలితో ఇసుకలో గీతలు గీస్తూ మా బావ అన్నాడు.

"హేడు. నూట పదిహేడు. నాదే."

ఇలాంటి చోట వర్షమైనా పడాలి, ఏడుపైనా రావాలి. మాకు ఒక మేక వచ్చింది. పెద్దాయన గవ్వలు తీసేసిన మ్యాపుని, ఎర్రచుక్కతో సహా, నిదానంగా తినడం మొదలుపెట్టింది. ఎవరూ అదిలించలేదు.

మావ బోటు సముద్రంలోకి వెళ్ళింది, బావ బోటు ఒడ్డుకొచ్చింది. మా అక్క ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు. నాకు చెప్పాల్సినవన్నీ నేను వినేలా గోడకి చెప్పేది, ఆ గోడ ఎంత ఓర్పు గలదో నాకే తెలుసు. మావ మాత్రం మూడో రోజు పొద్దున్నే బావ గుమ్మం ముందు నిలబడి, బోటు లేకపోతే చేతులు కూడా లేవా, రా, నా బోటెక్కు అని పిలుచుకుపోయాడు. ఆ నెలన్నరా ఇద్దరూ ఒకే బోటులో వెళ్ళారు. ఏం మాట్లాడుకునేవారో తెలియదు. బావ తరవాత ఎప్పుడూ మా మావ ముందు చుట్ట కాల్చలేదు, అందించడం సంగతి అటుంచి.

మా సారు సోమవారం పదింటికి ఫోన్ చేశాడు. అధికారులు వచ్చే రోజు దగ్గరపడింది, ప్రోగ్రాము ఎలా సరిచెయ్యాలో ఆయనకి తెలియదు. ఊరి పెద్దలకి తప్పు మాదని ఉత్తరం రాసిస్తేనే వస్తానన్నాను. రాశాడు. అందులో "కొన్ని సాంకేతిక కారణాల వల్ల" అని ఉంది. దాన్ని కొట్టేసి "మా తప్పు వల్ల" అని రాయించాను. ఆ రెండు మాటలకి ఆయన ఒక పూట తీసుకున్నాడు, నేను టైర్ల మీద కూర్చుని ఎదురుచూశాను. ఆ తరవాత ఎనిమిది లైన్లు రాయడానికి నాకు అరగంట పట్టింది. ఒక్కో బోటుకి ఒక్కో గుండిగ, వచ్చిన ధారంతా అందులో పడాలి, గుర్తు కనబడేదాకా ముట్టకూడదు, కనబడితే అక్కడిదాకానే తోడుకుని మిగిలింది తరవాతి మాట కోసం అందులోనే ఉంచాలి. ఇంతే. ఇంత చిన్నది. మావ దగ్గరికెళ్ళి పెట్టె తీసేయమంటావా అని అడిగాను. ఆయన, ఇప్పుడు మాట పూర్తిగా ఇంతాదా అన్నాడు. వింటుందన్నాను. అయితే ఉండనీ అన్నాడు. క్షమించానని అనలేదు, మా ఇళ్ళలో ఆ మాట ఎవరూ వాడరు.

తరవాత విజయనగరంలో ఈ ఆఫీసుకి మారినప్పుడు ఆ ఎనిమిది లైన్లూ నా వెంటే వచ్చాయి. ఇప్పుడు ఆ పనులన్నీ ఎవరో రాసిపెట్టిన తయారు సరుకుతో జరిగిపోతాయి, మాట తెగి రావడం ఎలా ఉంటుందో కొత్తవాళ్ళు చూడనే చూడరు. మంచిదే. ప్రోగ్రాముల పైన రాసినవాళ్ళ పేరు పెట్టకూడదని మా ఆఫీసు నియమం, అది కంపెనీ ఆస్తి అట. నేను మాత్రం నా ప్రతి ఫైలు మీదా నా పేరు, ఊరి పేరు రాస్తాను. రెండుసార్లు తీసేశారు, మూడుసార్లు పెట్టాను. ఇది పొగరని వాళ్ళంటారు. వాళ్ళు తప్పు చెప్పడం లేదు.

కిందటేడు మా మావకి ఏదో పని మీద ఒక కౌంటరు దగ్గర వేలిముద్ర వెయ్యమన్నారు. నలభై ఏళ్ళు వలతాళ్ళు లాగిన వేళ్ళు, గీతలెక్కడుంటాయి? నువ్వు నువ్వు కాదని మెషీను చెప్పింది. ఇది తన చేతిలో లేదని అక్కడి అమ్మాయి చెప్పింది. పైన అడగమన్నారు, పైనవాళ్ళు ఇంకా పైన అడగమన్నారు. ఆ మెషీను రాసింది ఎవరని మావ అడిగాడట. ఏ ఊరివాళ్ళో, ఎవరి పిల్లలో ఎవరికీ తెలియదు. బస్సు దిగి మా ఇంటికొచ్చి, మంచినీళ్ళు తాగి, అరుగు మీద చాలాసేపు తన వేళ్ళనే చూసుకుంటూ కూర్చున్నాడు.

"అప్పుడు నయమే గుంటా" అన్నాడు. "కోపమొచ్చి మాటాడ్డం మానీడానికైనా నువ్వున్నావు."